ఇంటి స్కానర్ – 3వ పాఠం: అద్దం కింద ఏముంది?

కిందటి పాఠంలో ఇంట్లో స్కాన్ చేయాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నారు కదా, దాన్ని బయటికి తీయండి. ఈసారి పనంతా దాంతోనే.

స్కానర్ డబ్బా మీద 4800 డీపీఐ అని పెద్దగా వేసి ఉంటుంది. అంగుళానికి అన్ని చుక్కలు చదువుతుందని అర్థం. ఎక్కువుంటే మంచిదేగా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి: ఏ4 కాగితాన్ని 300లో రంగుల్లో తీస్తే 2480 × 3508 చుక్కలు, చుక్కకి 3 బైట్లు, అంటే కుదించకముందు సుమారు 26 ఎంబీ. 600 పెడితే రెట్టింపు కాదు, నాలుగింతలు! దస్తావేజులకీ మార్కుల మెమోలకీ 300 చాలు, మన ఒత్తులు కూడా విడివిడిగా కనిపిస్తాయి. పాత ఫొటోని పెద్దది చేయించాలంటే 600. వేలల్లో డీపీఐ అక్కరకొచ్చేది 36 × 24 మి.మీ. ఫిల్మ్ నెగటివ్‌కి. దానికి మూతలో కూడా లైటుండాలి, లేకపోతే ఎంత డీపీఐ ఉన్నా దండగే. ఇంకోటి, ‘ఆప్టికల్’ అన్న అంకెనే నమ్మండి. ‘ఇంటర్‌పొలేటెడ్’ అన్నది సాఫ్ట్‌వేర్ ఊహించి నింపే చుక్కల లెక్క.

అసలు తేడా సెన్సర్‌లో, అంటే కాగితాన్ని చదివే భాగంలో ఉంది. అది రెండు రకాలు: సీఐఎస్, సీసీడీ. సీఐఎస్ రకంలో అది అద్దానికి దాదాపు ఆనుకునే ఉంటుంది. అందుకే స్కానర్ పలచగా, చవగ్గా ఉంటుంది, చాలావాటికి యూఎస్‌బీ వైరులో వచ్చే కరెంటే సరిపోతుంది. కానీ కాగితం అద్దం నుంచి కాస్త లేచిందంటే మసకే. సీసీడీ రకంలో బొమ్మ లోపలున్న మిర్రర్ల మీదుగా, లెన్సులోంచి సెన్సర్‌కి చేరుతుంది. మనిషి లావు, ధర ఎక్కువ, కరెంటుకి వేరే అడాప్టరు. అయినా కాస్త ఎత్తులో ఉన్నదాన్నీ స్పష్టంగా చూస్తుంది. ఎప్సన్ పర్‌ఫెక్షన్ వీ600 ఈ రకమే, మూతలో నెగటివ్ లైటు కూడా ఉంది.

ఇది తెలియక నేను మొదట పలచటిదే కొన్నాను. తాతగారి బైండు పుస్తకం బోర్లిస్తే కుట్టు పక్కన ప్రతి లైన్లో రెండు మూడు అక్షరాలు తడిసి అలుక్కుపోయినట్టు వచ్చాయి. చేత్తో అదిమాను. అక్షరాలు రాలేదుగానీ, బైండు పట్‌మంది.

అభ్యాసం: మీ జాబితాలో ప్రతిదాని పక్కనా ‘చదును’ లేక ‘ఎత్తు’ అని రాయండి. అన్నీ చదునై, నెగటివ్‌లు లేకపోతే సీఐఎస్ కొని డబ్బు మిగుల్చుకోండి. ‘ఎత్తు’ ఒక్కటున్నా, షాపుకి ఒక బైండు పుస్తకం పట్టుకెళ్లి, నడిమి పేజీ 300లో తీయించి, కుట్టు పక్క అక్షరాలు చదవండి. డబ్బు మాత్రం అప్పుడే కట్టకండి. మీ విండోస్‌కి దాని డ్రైవర్ (కంప్యూటర్ నుంచి స్కానర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) ఉందో లేదో చూసుకోవడం వచ్చే పాఠంలో.