అద్దె లేటయిందని ఇంటికి తాళం వేస్తామంటే ఏం చేయాలి

ఒంగోలులో నేను పారా లీగల్ వాలంటీరుని. న్యాయ సేవాధికార సంస్థ తరఫున జనానికి అర్జీలు రాసిపెట్టడం, లాయరు దగ్గరకు తోడు వెళ్లడం నా పని. పొగాకు గ్రేడింగ్ పనులు ఆగినప్పుడు, చీమకుర్తి వైపు గ్రానైట్ పనివాళ్లకు కూలి డబ్బు లేటయినప్పుడు ఒకటే గోడు వింటుంటాను. "రెండు నెలల అద్దె ఆగిందమ్మా. ఆదివారం లోపు ఖాళీ చేయకపోతే సామాన్లు రోడ్డు మీద పెడతానంటున్నాడు ఇంటాయన."

అలా పెట్టడానికి వీల్లేదు. బాకీ బాకీయే, కట్టి తీరాలి. కానీ బాకీ ఉన్నంత మాత్రాన మిమ్మల్ని సొంతంగా గెంటే అధికారం ఓనరుకు రాదు. ఆయన కోర్టుకెళ్లి ఉత్తర్వు తెచ్చుకోవాలి, దాన్ని అమలు చేసేది కూడా కోర్టు అమీనానే. ఇంట్లో స్థిరంగా ఉంటున్న మనిషిని, అతనికి ఉండే హక్కు తీరిపోయినా సరే, చట్టప్రకారం తప్ప బయటికి పంపకూడదని సుప్రీంకోర్టు 1989లో కృష్ణారామ్ మహాలే కేసులో తేల్చి చెప్పింది.

అద్దె లేటవుతుందని తెలిసిన రోజే ఓనరుకు చెప్పండి. ముఖం చాటేస్తేనే గొడవ ముదురుతుంది. అద్దె మీదే బతికే ఇంటామెలు కూడా ఉన్నారు, ఆ డబ్బుతోనే మందులు కొనుక్కునేవాళ్లున్నారు. నోటితో చెప్పాక అదే మాట వాట్సాప్‌లో కూడా పెట్టండి: "అన్నా, మార్చి అద్దె 6,500లో ఇప్పుడు 3,000 ఫోన్‌పే చేశాను. మిగతా 3,500 ఇరవయ్యో తారీఖు లోపు ఇస్తాను." తారీఖు రాస్తే ఆ రోజుకు కట్టగలిగేలా ఉండాలి. చేతికి డబ్బిస్తే రసీదు అడగండి. రసీదు పుస్తకం లేదంటే తెల్లకాగితం మీదైనా నెల పేరు, మొత్తం రాయించి సంతకం తీసుకోండి. "అడ్వాన్సులో పట్టుకోండి" అని మీకు మీరే అనుకుని అద్దె ఆపేయొద్దు. ఓనరు ఒప్పుకుంటేనే అది చెల్లుతుంది, ఆ ఒప్పుకోలు రాతపూర్వకంగా తీసుకోండి.

జనం ఎక్కువగా దెబ్బతినేది ఇంకోచోట. మీరు డబ్బు పట్టుకెళ్తే ఓనరు తీసుకోడు. "నాకు అద్దె వద్దు, ఇల్లు కావాలి" అంటాడు. ఆయనే వద్దన్నాడు కదా అని మీరు ఊరుకుంటారు, ఆ డబ్బు పిల్లల ఫీజుకో పురుగుమందుల అప్పుకో పోతుంది. ఆర్నెల్ల తర్వాత "అసలు అద్దే కట్టలేదు" అని కేసు పడుతుంది. అందుకే ఆయన వద్దన్న రోజే బ్యాంకు ఖాతాకు పంపే ప్రయత్నం చేయండి. ఖాతా నంబరు తెలియకపోతే, "ఫలానా నెల అద్దె తెచ్చాను, మీరు తీసుకోలేదు, ఏ ఖాతాలో వేయాలో చెప్పండి" అని ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి. ఉత్తరం నకలు, పోస్టాఫీసు రసీదు రెండూ దాచుకోండి. అప్పటికీ జవాబు రాకపోతే కోర్టులో జమ చేసే దారి ఉందేమో లాయరును అడగండి. ఈలోపు ఆ డబ్బు ముట్టుకోకండి.

లాయరు నోటీసు వస్తే కంగారు పడొద్దు, కవరుతో సహా దాచండి. మూడేళ్లు, ఐదేళ్లు అని గడువేమీ రాసుకోకుండా నెలనెలా అద్దెకుంటున్న ఇంటికి, వేరే ఒప్పందం లేకపోతే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఆ 15 రోజులు అయిపోయినంత మాత్రాన తాళం వేయొచ్చని కాదు, కేసు వేసుకోవచ్చని అర్థం. లీజు గడువు ఇంకా ఉండగానే అద్దె కట్టలేదన్న కారణంతో లీజు రద్దయిందని దావా వేస్తే, 114వ సెక్షన్ ఉంది: విచారణలో పాత బాకీ, వడ్డీ, కోర్టు ఖర్చులు కట్టేస్తే లీజు నిలబెట్టే అధికారం కోర్టుకుంది.

సమన్లు తీసుకోకుండా తప్పించుకోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి. మీరు హాజరు కాకపోతే మీ మాట వినకుండానే తీర్పు (ఎక్స్‌పార్టీ డిక్రీ) ఇచ్చేస్తారు. సమన్లు అందాక జవాబు దాఖలుకు మామూలుగా 30 రోజులే టైము.

ఇక నిజంగానే తాళం పడితే? తాళం పగలగొట్టొద్దు, కేసు మీ మీదకే తిరుగుతుంది. తాళం, బయట పడేసిన సామాన్లు ఫోటోలు, వీడియో తీయండి. 112కు ఫోన్ చేయండి. స్టేషన్లో "ఇది సివిల్ మ్యాటరమ్మా" అంటారు. బాకీ సంగతి సివిలే. కానీ మనిషిని ఇంట్లోకి పోకుండా అడ్డుకోవడం, బెదిరించడం ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 126, 351 సెక్షన్ల కింద నేరాలు. కాబట్టి అర్జీలో అద్దె గొడవంతా రాయకుండా, ఎవరు, ఏ టైముకు తాళం వేశారు, లోపల ఏమేం ఉండిపోయాయి అన్నవే రాయండి. పిల్లల పుస్తకాలు, మందులు లోపల ఉంటే అవి తప్పకుండా రాయండి. స్టేషన్లో అర్జీ తీసుకోకపోతే సోమవారం ఎస్పీ ఆఫీసులో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. ఖాళీ చేయించేసినా, నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపు దావా వేసి స్వాధీనం తిరిగి అడగొచ్చు. గెంటేస్తారని ముందే భయముంటే, అలా చేయకుండా ఆపే కోర్టు ఉత్తర్వు (ఇంజంక్షన్) కోసం వెళ్లొచ్చు.

లాయరు ఫీజుకు భయపడి ఆగిపోయేవాళ్లను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. 15100కు ఫోన్ చేయండి, లేదా ఒంగోలు, నెల్లూరు జిల్లా కోర్టుల్లోని న్యాయ సేవాధికార సంస్థకు రండి. కావలి లాంటి ఊళ్లలో అక్కడి కోర్టులోనే అడగండి. వచ్చేటప్పుడు అగ్రిమెంటు, రసీదులు, ఫోన్‌పే వివరాలు, కరెంటు బిల్లు, ఆ ఇంటి అడ్రసున్న ఆధార్ తెచ్చుకోండి. అగ్రిమెంటు లేకపోయినా రండి, అద్దె కట్టిన రుజువులున్నా సరిపోతుంది.