నీటి అడుగు రోబోతో ప్లవకాల నమూనాలు తీసే విధానం

తీర జలాల్లో ప్లవకాలు, అంటే నీటిలో తేలియాడే సూక్ష్మ మొక్కలు, జంతువులు, అంతటా సమానంగా పరచుకొని ఉండవు. ఒక్కోసారి మీటరు మందమైనా లేని పొరలో కిక్కిరిసి ఉంటాయి, దానికి రెండు మూడు మీటర్ల పైనా కిందా నీరు దాదాపు ఖాళీగా ఉంటుంది. అందువల్ల ఇన్ని మీటర్ల లోతున నీరు తీయమని రోబోకు ముందే చెప్పి పంపడం కన్నా, వృక్ష ప్లవకాల్లోని పత్రహరితాన్ని (క్లోరోఫిల్) కొలిచే సెన్సర్ చూపే విలువను బట్టి తీసేలా అమర్చడం మేలు.

మొదట బరువు సరిచూడాలి. ఉప్పునీటిలో సరిగ్గా తూగే 50 కిలోల రోబో నదీముఖంలోని మంచినీటిలోకి వెళ్లగానే కిలోకు పైగా బరువెక్కినట్టు మునిగిపోతుంది కనుక, అది తిరగబోయే మేర లవణీయతను ముందే కొలిచి, మధ్యస్థ విలువకు తగినట్టు బరువులు కట్టాలి.

మొదటి విడత నమూనాలేవీ తీయకుండా, ఏటవాలుగా దిగుతూ ఎక్కుతూ ఉష్ణోగ్రత, లవణీయత, పత్రహరితం మాత్రమే నమోదు చేయించాలి. నమూనాలు తీసే రెండో విడతలో అసలు చిక్కు ఆలస్యం. పంపు గొట్టంలోని పాత నీటిని నెట్టివేయడానికి పది సెకన్లు పట్టిందనుకుందాం, సెకనుకు 1.5 మీటర్ల వేగంతో, 15 డిగ్రీల వాలులో పైకి వస్తున్న రోబో ఆలోగా దాదాపు 4 మీటర్లు ఎక్కిపోతుంది, పొర కిందనే మిగిలిపోతుంది. కనుక పొర తగలగానే వాలు మాని, అక్కడి ఉష్ణోగ్రత ఉన్న నీటిలోనే సాగమని ఆదేశించాలి. నీటి లోపలి అలలకు పొర పైకీ కిందికీ ఊగుతుంది గనుక లోతును పట్టుకొని ఉండడం చాలదు. అమెరికాలోని మాంటెరీ బే అక్వేరియం పరిశోధన సంస్థ ఒక రోబోలో అమర్చిన 1.8 లీటర్ల సిరంజి వంటి పాత్రలు ఒకటి రెండు సెకన్లలోనే నిండుతాయి. అటువంటివి ఉంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

పట్టపగలు సెన్సర్‌ను పూర్తిగా నమ్మకూడదు. తీవ్రమైన ఎండలో పైపొరలోని వృక్ష ప్లవకాల ప్రతిదీప్తి, అంటే సెన్సర్ కొలిచే వాటి మెరుపు, తగ్గిపోతుంది, కణాలు పుష్కలంగా ఉన్నా అంకె చిన్నదిగా వస్తుంది. వీలైతే రాత్రి సర్వే చేయాలి. అయితే జంతు ప్లవకాలు చాలావరకు రాత్రివేళ పైకి వస్తాయి. పైగా కోపిపాడ్లు అనే చిన్న జంతు ప్లవకాలు పంపు లాగుడును పసిగట్టి గెంతి తప్పించుకొంటాయి. వాటి లెక్కకు సీసా నీరు చాలదు, 200 మైక్రాన్ల రంధ్రాలున్న వలో, కెమెరానో తోడుండాలి.

రోబో పైకి రాగానే మైక్రోస్కోపు కోసం ఉంచిన భాగంలో కణాలు చెడకుండా కాపాడే లూగోల్ అయోడిన్ ద్రావణాన్ని, నీరు పలుచని టీ రంగుకు వచ్చేవరకు, చుక్కలుగా వేసి చీకట్లో భద్రపరచాలి. డీఎన్ఏ పరీక్షకు వేరే భాగాన్ని వడగట్టి, ఆ వడపోత కాగితాన్ని గడ్డకట్టించాలి. సీసా మీద ఆదేశం వెళ్లినప్పటి లోతును కాక, నింపడం మొదలైనప్పటి లోతును, ముగిసినప్పటి లోతును రెండింటినీ రాయాలి.