జీవుల వర్గీకరణ చరిత్ర – 4వ పాఠం: మునగ ఎవరి బంధువు?

ఈసారి జర్మన్ జీవశాస్త్రవేత్త హెకెల్ జీవులన్నిటినీ విడదీసిన మూడు రాజ్యాల (అతి పెద్ద విభాగాల) గురించి చెప్పాలి. మీ జవాబులు చూశాక దాన్ని వాయిదా వేయక తప్పలేదు.

కిందటిసారి స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పద్ధతిలో కేసరాలు (పువ్వులోని మగ భాగాలు) లెక్కపెట్టమన్నాను, మునగ ఏ కుటుంబమో కూడా చెప్పమన్నాను కదా. "చింతపువ్వులో మూడు, కొర్రలోనూ మూడే. రెండూ ఒకే వర్గంలో పడ్డాయి, ఎక్కడో పొరపాటు చేశాం" అని అనంతపురం వైపు నుంచి చాలామంది రాశారు. మీ లెక్క సరిగ్గానే ఉంది. 1753లో లిన్నేయస్ కూడా ఆ రెండింటినీ మూడు కేసరాల వర్గంలోనే పెట్టాడు. ఆ వర్గం లోపల మాత్రం కీలాల (అండాశయం మీద ఉండే సన్నని కాడల) సంఖ్యను బట్టి విడదీశాడు. చింతకు నిజమైన దగ్గరి చుట్టమైన వేరుశనగ వేరే వర్గానికి పోయింది. 24 వర్గాల ఆ పట్టిక చేతిలోని మొక్క పేరు వెతుక్కోవడానికి పనికొస్తుంది, బంధుత్వం తేల్చడానికి కాదు. ఈ సంగతి ఆయనకూ తెలుసు.

అనేక లక్షణాలను కలిపి చూసి కుటుంబాలు కట్టినవాడు పారిస్‌లో జుస్యూ, 1789లో. మన కళాశాలల్లో ఇప్పటికీ చెప్పే, బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్తలు బెంథామ్, హుకర్ల పద్ధతి 1862–1883 మధ్య వచ్చింది. తేదీలు బట్టీ పట్టకండి, వరుస గుర్తుంటే చాలు.

ఇక నాకు ఒళ్లు మండించిన జవాబు: "మునగకు పొడవాటి కాయ ఉంది, కాబట్టి చిక్కుడు కుటుంబం." దాదాపు అందరూ ఇదే రాశారు. లిన్నేయస్ కూడా మునగను గచ్చకాయ ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) చేర్చాడు, కాబట్టి మీకు మంచి తోడే ఉంది. అయినా ఒప్పుకోను. ఎండిన మునగకాయను చెట్టు మీదే చూడండి. మూడు చీలికలుగా విచ్చుకుంటుంది, ఎందుకంటే అది మూడు ఫలదళాలు (కాయగా మారే, పువ్వులోని ఆడ భాగాలు) కలిసి ఏర్పడిన కాయ. గింజకు కూడా మూడు రెక్కలు. ఎండిన చిక్కుడుకాయ రెండుగా చీలుతుంది, గింజలు ఒకే అంచున వరుసగా ఉంటాయి. అది ఒక్క ఫలదళం. పొడవు చూసి మోసపోతే ఆవాల మొక్క కాయను కూడా చిక్కుడు పక్కన పెడతారు! అటు కడప కొండల్లోని ఎర్రచందనం కాయ గుండ్రంగా, చుట్టూ రెక్కతో బిళ్లలా ఉంటుంది. అదేమో చిక్కుడు కుటుంబమే, పైగా వేరుశనగకు దగ్గరి చుట్టం.

బెంథామ్, హుకర్లు మునగను ఏ వరుసలోనూ ఇమడ్చలేక, సరిగా కుదరని కుటుంబాల కింద విడిగా ఉంచారు. డీఎన్ఏ ఆధారాలు వచ్చాక అది ఆవాల క్రమంలో (దగ్గరి కుటుంబాల గుంపులో) చేరింది. మునగ వేరుకూ ఆవగింజకూ ఉన్న ఘాటు ఒకే తరగతి రసాయనాల వల్ల వస్తుంది. ఏ మొక్కనైనా నేను ముందు ఎండుకాయతోనే పరీక్షిస్తాను. పువ్వు వాడిపోతుంది, కాయ జేబులో నెలల తరబడి ఉంటుంది.

అభ్యాసం: మీ చుట్టుపక్కల కాయలు కాసే పది మొక్కలు తీసుకోండి. కేసరాల సంఖ్యను బట్టి ఒకసారి, కాయ చీలే తీరును బట్టి మరోసారి గుంపులు కట్టండి. రెండు పట్టికలూ విభేదించిన ప్రతిచోటా దేన్ని నమ్ముతారో, ఎందుకో రాయండి. పదిలో తంగేడు తప్పనిసరి. దానిలో పుప్పొడి ఇవ్వని కేసరాలు కొన్ని ఉంటాయి, వాటిని లెక్కలోకి తీసుకోవాలో వద్దో మీరే తేల్చుకోండి. గచ్చకాయ కోసం వెళ్లేవాళ్లు చేతికి మందపాటి గుడ్డ చుట్టుకోండి, ఆ తీగ నిండా ముళ్లే.