జబ్బుపడ్డ చిన్న ఆక్సలాటల్‌కి ముందు నీళ్ళు చల్లబరచండి

నేను విశాఖపట్నం గాజువాకలో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాను. మా అమ్మాయి ఏడో తరగతి. మార్చిలో తన పుట్టినరోజుకి తెలిసినవాళ్ళ దగ్గర్నుంచి ఒక ఆక్సలాటల్ పిల్లని తెచ్చాను. ఇది చేప కాదు, కప్పలాగా ఉభయచరం, కానీ జీవితమంతా నీళ్ళలోనే ఉంటుంది. ఒళ్ళంతా తెల్లగా, మెత్తగా, లోపలిది బయటికి కనిపించేంత పల్చగా ఉందని మా అమ్మాయి దానికి ముంజె అని పేరు పెట్టుకుంది. అప్పటికి నా చూపుడు వేలంత ఉండేది. మే రెండో వారంలో దానికి జబ్బు చేసింది. బతికించుకున్నాం. మన ఊరి ఎండల్లో దీన్ని పెంచేవాళ్ళు ఎవరైనా ఉంటే పనికొస్తుందని, మేం ఏం చేశామో, ఏం చేయబోయి ఆగామో రాస్తున్నాను.

పొద్దున్నే ఆరింటికి మా అమ్మాయి లేపింది. "నాన్నా, ముంజె తోక కొక్కెంలా అయిపోయింది, రా." వెళ్ళి టార్చ్ పక్కనుంచి వేసి చూశాను. తలకి రెండు వైపులా మూడేసి ఈకల్లా ఉండే మొప్పలు ఎప్పుడూ వెనక్కి పరుచుకుని ఉంటాయి. ఆరోజు ముందుకు, మూతి వైపుకి ముడుచుకుని ఉన్నాయి. ఎడమవైపు మధ్య మొప్ప చివర దూది పింజలాంటిది ఒకటి అంటుకుని ఉంది. అది కదిలినప్పుడు ఆ పింజ కూడా ఊగుతోంది. ముందురోజు వేసిన తిండి అడుగున అలాగే పడి ఉంది. మొప్పలు ముందుకు ముడుచుకోవడం, తోక చివర వంకరపోవడం, తిండి మానేయడం, ఈ మూడూ దానికి నీళ్ళు పడటం లేదని చెప్పే గుర్తులు. ఆ దూది ఫంగస్. చాలాసార్లు నీళ్ళు పాడై ఒంట్లో శక్తి తగ్గాకే అది పట్టుకుంటుంది. అందుకే మందుల కోసం పరిగెత్తే ముందు నీళ్ళు చూడండి.

ఫ్రిజ్‌లు టెస్ట్ చేసే డిజిటల్ థర్మామీటర్ వైరు తొట్టెలో వేస్తే 29 డిగ్రీలు చూపించింది. ఈ జీవి సొంత ఊరు మెక్సికో సిటీ దక్షిణ భాగంలోని సొచిమిల్కో సరస్సు. అది సముద్ర మట్టానికి 2,240 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే మన అరకు ఎత్తుకి రెట్టింపు కంటే ఎక్కువ. దానికి హాయిగా ఉండేది 16 నుంచి 18 డిగ్రీలు. 24 దాటితే ప్రమాదంలో పడ్డట్టే. 18 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో దాదాపు 9.4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 30 దగ్గర 7.5 మాత్రమే. పైగా వేడి పెరిగేకొద్దీ రెట్ట, మిగిలిన తిండి వల్ల నీళ్ళలో చేరే అమ్మోనియా విషం కూడా ఎక్కువగా పనిచేస్తుంది.

అప్పటిదాకా తొట్టె మీద చిన్న ఫ్యాన్ పెట్టి, సరిపోతుందిలే అనుకున్నాం. ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇదే చేస్తారు. ఫ్యాన్ గాలి నీళ్ళని చల్లబరిచేది ఆవిరి లేపడం ద్వారా. గాలిలో ముందే తేమ నిండి ఉంటే ఆవిరి ఎక్కడ లేస్తుంది? మే నెలలో బీచ్ రోడ్డులో నిలబడితే మన చెమటే ఆరదు. కూలర్లు అనంతపురంలో పనిచేసినట్టు విశాఖలో పనిచేయకపోవడానికి కారణం ఇదే. ఫ్యాన్ ఒకటి రెండు డిగ్రీలు తగ్గిస్తుందేమో గానీ, మన ఊరి వేసవిలో 18కి తీసుకురాలేదు. తొట్టెకి చిల్లర్, అంటే నీళ్ళని చల్లబరిచే యంత్రం ఉండాలి, లేదా రాత్రీ పగలూ ఏసీ నడిచే గదిలో పెట్టాలి.

నాకు రాగి గొట్టం చుట్టడం చేతిలో పని కాబట్టి, పాత ఫ్రిజ్ కంప్రెసర్‌కి రాగి కాయిల్ కట్టి నీళ్ళలో దించేద్దామని గొట్టం కూడా కోశాను. దించేముందు ఎందుకో అనుమానం వచ్చి చదివాను. రాగి ఈ జీవులకి విషం. వీటి చర్మం నీటిలో ఏముంటే అది పీల్చేసుకుంటుంది. చిల్లర్‌లో నీటికి తగిలే కాయిల్ టైటానియంది అయి ఉండాలి. నాలాంటి మెకానిక్ ఎవరైనా మీకు చవగ్గా చేసిపెడతానంటే, ముందు ఈ మాట అడగండి.

ఇక ఆరోజు చేసింది. జబ్బుపడ్డదాన్ని పెద్ద తొట్టెలోంచి తీసి విడిగా చిన్న ప్లాస్టిక్ టబ్‌లో పెట్టాలి. సబ్బు తగలని కొత్త టబ్, 8 లీటర్లది సరిపోతుంది. వలతో పట్టొద్దు, మొప్పలు చిక్కుకుంటాయి. చేత్తో అసలే వద్దు. వెడల్పు గిన్నె నీళ్ళతో సహా ముంచి తీయండి. టబ్‌లో రాళ్ళు, ఇసుక ఏమీ వేయొద్దు. దీనికి కనురెప్పలు ఉండవు, వెలుతురు ఇబ్బంది పెడుతుంది. అంచులు నున్నగా రుద్దిన పీవీసీ గొట్టం ముక్క ఒకటి వేసి, పైన తువ్వాలు కప్పాం.

చల్లదనానికి హార్బర్‌లో రొయ్యలు ప్యాక్ చేసే థర్మాకోల్ పెట్టె కొత్తది ఒకటి తెచ్చాను. పెట్టెలో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు పోసి, ఆ నీళ్ళలో టబ్ పెట్టి, టబ్ బయట గడ్డకట్టిన నీళ్ళ సీసాలు పెట్టాం. ఐసు ముక్కలు నేరుగా టబ్‌లో వేయకండి, దానికి ఆ దెబ్బ తట్టదు. లెక్క ఇలా ఉంటుంది: కిలో ఐసు కరిగేటప్పుడు 80 కిలో కేలరీల వేడి లాగుతుంది, అంటే 10 లీటర్ల నీళ్ళని 8 డిగ్రీలు దించేంత. మూత కొద్దిగా తెరిచి ఉంచినా థర్మాకోల్ బయటి వేడిని బాగానే ఆపుతుంది కాబట్టి, మాకు 4 గంటలకి ఒక లీటరు సీసా సరిపోయింది. దించడం మాత్రం నెమ్మదిగా దించాలి. మేం 29 నుంచి 18కి రావడానికి రెండు రోజులు తీసుకున్నాం. రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని నేను లేచేవాణ్ణి, తెల్లవారుజామున మా ఆవిడ సీసా మార్చేది.

టబ్‌లో ఫిల్టర్ ఉండదు కాబట్టి రోజూ నీళ్ళు మొత్తం మార్చాల్సిందే. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. ముందురోజే బకెట్లో పట్టి, అక్వేరియం షాపులో దొరికే యాంటీ క్లోరిన్ వేసి, చల్లబరిచి, రెండు నీళ్ళ వేడీ ఒకటే అయ్యాక మార్చేవాళ్ళం. సముద్రానికి దగ్గరి కాలనీల్లో కొన్ని బోర్లలో నీళ్ళు ఉప్పగా ఉంటాయి, అవి వాడొద్దు. రెట్ట కనిపిస్తే సూది లేని పెద్ద సిరంజితో అప్పటికప్పుడు లాగేయండి.

ఫంగస్‌కి ఉప్పు నీళ్ళ స్నానం చేయిస్తారు. పెద్దవాటికి పర్వాలేదు గానీ, ఇంత చిన్న పిల్ల చర్మానికి అది మంట. మేం టీ వాడాం. ఉత్త నల్ల టీ. ఇంట్లో ఉన్న డబ్బా తీసేముందు చదవండి, మా డబ్బాలో యాలకుల పొడి కలిసి ఉంది. 8 లీటర్ల టబ్ నీళ్ళకి ఒక టీ బ్యాగ్ లెక్కన విడిగా మరిగించి, పూర్తిగా చల్లార్చి, టబ్ నీళ్ళ వేడికి తెచ్చి, లేత గోధుమ రంగు నీళ్ళలో రోజుకి ఒకసారి 10 నిమిషాలు ఉంచాం. నాలుగో రోజుకి దూది పింజ సన్నబడింది, ఆరో రోజుకి ఊడిపోయింది. దాన్ని పట్టుకారుతో లాగాలనిపిస్తుంది. లాగకండి, మొప్ప కూడా వచ్చేస్తుంది. ఒకవేళ మొప్ప చివరో, వేలో పోయినా భయపడొద్దు, నీళ్ళు బాగుంటే ఈ జీవికి మళ్ళీ మొలుస్తాయి. చేపల ఫంగస్ మందుల్లో మాలకైట్ గ్రీన్, రాగి, ఫార్మలిన్ ఉంటాయి. షాపువాళ్ళు ఎంత నమ్మకంగా చెప్పినా అవి వేయకండి.

జబ్బుపడ్డ ఆక్సలాటల్‌ని ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచమని కొందరు చెబుతారు. ఫ్రిజ్ సంగతి నాకు బాగా తెలుసు కాబట్టి చెబుతున్నాను: తలుపు తీసి వేసిన ప్రతిసారీ లోపల డిగ్రీలు మారిపోతాయి. డాక్టర్ చెప్తే తప్ప ఇంత చిన్న జీవిని అందులో పెట్టకండి.

తిండి బలవంతం చేయలేదు. రోజూ సాయంత్రం వానపాముని కడిగి, చిన్న ముక్క కోసి, మొద్దు మూతి పట్టుకారుతో ముట్టె ముందు కొద్దిగా ఊపి, తినకపోతే తీసేసేవాళ్ళం. నర్సరీ వర్మీ కంపోస్టులో దొరికే ఎర్ర పాములు చేదు, ఉమ్మేసింది. పురుగుమందు కొట్టని పెరటి మట్టిలోవి మేలు. అయిదో రోజు, పట్టుకారు రెండోసారి ఊపగానే "టప్" మని నోరు తెరిచి లోపలికి లాగేసింది. మా అమ్మాయి తువ్వాలు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది, ఏడుపు ఆపుకోలేకపోయింది.

ఇవి కనిపిస్తే ఇంటి వైద్యం ఆపేయండి: చర్మం మీద ఎర్రటి మచ్చలు, పొట్ట ఉబ్బడం, పైకి తేలి కిందికి దిగలేకపోవడం, వారం దాటినా తినకపోవడం. రాళ్ళు మింగి ఉంటే ఎక్స్‌రేలో కనిపిస్తాయి. మన దగ్గర చాలా క్లినిక్‌లు కుక్కల్నీ పిల్లుల్నీ మాత్రమే చూస్తాయి, కాబట్టి ఉభయచరాల్ని చూస్తారా అని ముందే ఫోన్ చేసి, జబ్బు రాకముందే ఒక నంబర్ రాసిపెట్టుకోండి. తీసుకెళ్ళేది కూడా థర్మాకోల్ పెట్టెలోనే.

అసలు తప్పు తొట్టె దగ్గరే జరిగింది. ఫిల్టర్ పెట్టిన రోజే ముంజెని వేసేశాం. అమ్మోనియాని తినే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పెరగడానికి 4 నుంచి 8 వారాలు పడుతుంది. నీళ్ళు పరీక్షించే చుక్కల మందు కిట్‌తో చూస్తే మా నీళ్ళలో అమ్మోనియా 1 పీపీఎం, అంటే లీటరుకి దాదాపు ఒక మిల్లీగ్రాము ఉంది. అది సున్నా ఉండాలి. బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది; నైట్రైట్ కూడా సున్నా, నైట్రేట్ 20 పీపీఎం లోపు ఉండాలి. ఆ మూడూ కుదిరి, చిల్లర్ 17 దగ్గర వారం రోజులు కదలకుండా నిలబడ్డాకే ముంజెని తిరిగి వేశాం. అడుగున ఉన్న రంగు రాళ్ళు తీసేసి సన్నటి ఇసుక పోశాం.

2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మన ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. ఆ సంగతి గుర్తుండి, మా డీప్ ఫ్రీజర్‌లో ఇప్పుడు ఎప్పుడూ 12 సీసాలు గడ్డకట్టి ఉంటాయి, థర్మాకోల్ పెట్టె మంచం కింద ఉంటుంది. రోజూ రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయి తొట్టె డిగ్రీలు క్యాలెండర్ మీద రాస్తుంది. నిన్నటి గడిలో 17.2 అని ఉంది, పక్కన రెండు పాము ముక్కలు అని రాసి ఉంది.