ఫ్యాక్టరీల పక్క చెరువు గట్టున పక్షుల్ని చూసే నడక: ఏర్పాటు చేసే పద్ధతి

హైదరాబాద్ పారిశ్రామిక వాడల పక్కన చెరువులు, కుంటలు ఇంకా ప్రాణంతో ఉన్నాయి. పటాన్‌చెరు దగ్గరి అమీన్‌పూర్ పెద్ద చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. నగర ప్రాంతంలోని చెరువుకు ఆ గుర్తింపు దక్కడం దేశంలో అదే మొదలు. ఇలాంటి చోట నడకకు రెండు పనులు: పిట్టల్ని లెక్కపెట్టడం, ఆ పూట నీళ్లెలా ఉన్నాయో రాసుకోవడం. రెండూ ఒకే కాగితం మీద ఉంటేనే ఆరు నెలల తర్వాత ఆ లెక్క పనికొస్తుంది.

వలస పక్షుల కోసమైతే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. చిక్కేమిటంటే, పిట్టలు బాగా కనిపించే వేళే గాలి బాగుండని వేళ కూడా. చలికాలం తెల్లవారుజామున నేలనంటిన గాలి చల్లగా, బరువుగా ఉండి పైకి లేవదు. రాత్రి వదిలిన పొగ, ఘాటు అక్కడే పేరుకుంటాయి. ఎండెక్కి నేల వేడెక్కితేగానీ చెదరవు. అందుకే చీకట్లోనే పోకుండా ఏడింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించండి. ఎన్95 మాస్కు దుమ్మునే ఆపుతుంది, వాయువుల్ని ఆపదు. కళ్లు మండినా, తల పట్టేసినా గాలివాలుకు అడ్డంగా నడిచి బయటపడండి, ఆ రోజుకు నడక ఆపేయండి. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పాలి.

వారం ముందు ఇద్దరు వెళ్లి దారి చూసి రావాలి. కట్ట, అలుగు, తూము, చెరువులో కలిసే ప్రతి నాలా ఎక్కడున్నాయో చేతిగీతల పటం వేసుకోండి. పొద్దున సూర్యుడు వీపు వెనుక ఉండేలా తూర్పు ఒడ్డు నుంచి మొదలుపెట్టాలి. ఎండకు ఎదురుగా చూస్తే బాతులన్నీ నల్లటి నీడల్లాగే కనిపిస్తాయి. ఫ్యాక్టరీ ప్రహరీల వెంట దారి పెట్టకండి. చెత్త పోసే చోట కుక్కల గుంపులుంటాయి, చేతిలో తినుబండారాలు వద్దు, పరుగెత్తొద్దు. సర్కారు తుమ్మ ముళ్లకు మందపు అడుగున్న బూట్లు, వయ్యారిభామ దురదకు నిండు చేతుల చొక్కా తప్పనిసరి. కట్ట రాళ్ల సందుల్లో రక్తపింజర ఉండొచ్చు, చేతులు పెట్టొద్దు. కాటు పడితే కోయడం, తాడు కట్టడం చేయకుండా, మనిషిని కదలనివ్వకుండా 108కి ఫోన్ చేయాలి.

ఒక్కో జట్టుకు పన్నెండు మంది చాలు. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే 8x42 బైనాక్యులర్ ముగ్గురికొకటి. ఇద్దరు లెక్కపెడతారు, ఒకరు రాస్తారు. రాసేవాళ్లు బైనాక్యులర్ ముట్టకూడదు, ముట్టిన రోజు అంకెలు జారిపోతాయి.

గుంపును లెక్కించేటప్పుడు ముందు పది పిట్టల్ని విడివిడిగా లెక్కపెట్టండి. ఆ పదీ ఎంత జాగా పట్టాయో కంట్లో నిలుపుకుని, మొత్తం గుంపులో అలాంటివి ఎన్ని పడతాయో కొలవండి. నామాల కోళ్లు అనే నల్లటి నీటిపిట్టలు గుంపు నడుమ ఒత్తుగా, అంచుల్లో పలచగా ఉంటాయి. అంచున కొలత తీసుకుంటే లెక్క సగానికి పడిపోతుంది. ఇద్దరి అంకెల మధ్య పదో వంతు కన్నా తేడా వస్తే మళ్లీ లెక్కపెట్టాలి.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది లెక్కకు అర్థం చెప్పడంలో. ఈ నెల పిట్టలు తగ్గాయనగానే రసాయనాలు కలిశాయనుకుంటారు. వానలు బాగా పడి చెరువు నిండితే, జానెడు కాళ్లున్న స్టిల్ట్ పక్షికి నిలబడే చోటుండదు, అది పక్క కుంటకు పోతుంది. అందుకే నీటిమట్టం రాయకుండా పక్షి లెక్క రాయొద్దు. తూము రాతి మీద ఒక వరస గుర్తు పెట్టుకుని, నీళ్లు దానికి ఎన్ని వరసలు పైన, ఎన్ని వరసలు కింద ఉన్నాయో రాస్తే చాలు. ఇంకోటి, స్టిల్ట్‌లు వందలకొద్దీ ఉన్నాయంటే నీళ్లు శుభ్రమని కాదు. నాలా నోటి దగ్గరి నల్ల బురదను పుల్లతో కదిపితే దారప్పోగుల్లాంటి ఎర్రటి పురుగులు మెలికలు తిరుగుతూ బయటపడతాయి. అవి ఒక రకం ఈగ లార్వాలు. ఒంట్లో హిమోగ్లోబిన్ ఉండబట్టే ఆ ఎరుపు, ఆక్సిజన్ దాదాపు లేని బురదలోనూ బతకగలగడం కూడా. మురుగు పెరిగితే అవీ పెరుగుతాయి, వాటిని తినే స్టిల్ట్‌లూ పెరుగుతాయి. లకుముకి, నీటికాకి చేపల మీద బతుకుతాయి, కాబట్టి వాటి లెక్క విడిగా రాయండి.

నీటి పరీక్షకు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) చూపే స్ట్రిప్పులు, నీటిలో కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ పెన్ను, నైట్రైల్ గ్లవ్స్ చాలు. నాలా కలిసేచోట ఒకసారి, దానికి ఎదుటి ఒడ్డున ఒకసారి చూడండి. సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచాకే నమూనా పట్టాలి. వన్యప్రాణులకు, చేపల పెంపకానికి పనికొచ్చే నీటికి పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి, లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల కరిగిన ఆక్సిజన్ ఉండాలి. నాచుతో పచ్చబడ్డ చెరువులో మధ్యాహ్నానికి పీహెచ్ దానంతటదే 9 దాటొచ్చు. ఎండలో నాచు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను వాడేయడమే కారణం. కాబట్టి ఎప్పుడూ ఒకే వేళకు కొలవండి. పొద్దున్నే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నా వెంటనే ఎవరినీ అనుమానించొద్దు, రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది. ఎండెక్కాక కూడా అలాగే ఉన్నా, ఒకే నాలా దగ్గర చచ్చి తేలుతున్నా అది వేరే సంగతి.

అప్పుడు కాలుష్య నియంత్రణ మండలికి అదే పూట ఫిర్యాదు చేయాలి. సమయం, లొకేషన్, నురగ లేదా రంగు, వాసన, ట్యాంకరుంటే దాని నంబరు, దూరం నుంచి తీసిన ఫోటో పంపండి. ట్యాంకరును ఆపే ప్రయత్నం మాత్రం చేయొద్దు. 1974 నీటి చట్టం ప్రకారం, మండలి అధికారులు పద్ధతి ప్రకారం తీసిన నమూనా ఫలితమే కోర్టులో సాక్ష్యం. మీ సీసా వాళ్లను త్వరగా రప్పించడానికే. నీరు మారేలోపు రప్పించాలి కనుక గంటలు లెక్కే.

తిరిగొచ్చే ముందు ఐదు లీటర్ల మంచినీళ్లు, సబ్బుతో అందరూ చేతులు కడుక్కోండి. పక్షి లెక్కను ఆ సాయంత్రమే పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించండి. ఆఖరుగా అలుగు మీది ఒకే రాయి పక్కన నిలబడి, ఒకే దిక్కుకు, ప్రతి నెలా ఒక ఫోటో తీసి, నీటి లెక్క రాసిన కాగితంతో కలిపి దాచండి.