పాత డెస్క్‌టాప్‌కి కొత్త డీవీడీ రైటర్: కొనేముందు కేబుల్ చూడండి

డీవీడీ డ్రైవ్ మార్చడం అరగంట పని. అది రెండు రోజులు సాగిందంటే తప్పు దాదాపు ఎప్పుడూ కేబుల్ దగ్గరో పవర్ దగ్గరో ఉంటుంది. అందుకని షాపుకి బయల్దేరే ముందే క్యాబినెట్ మూత తీసి, ఇప్పుడున్న డ్రైవ్ వెనక ఏం తగిలించి ఉందో చూడండి.

రెండంగుళాల వెడల్పున్న బూడిదరంగు పట్టీ ఉంటే అది ఐడీఈ అనే పాత రకం కనెక్షన్. వేలెడు వెడల్పు కూడా లేని సన్నటి కేబుల్, చివర ఎల్ ఆకారపు గాడి ఉంటే సాటా అనే కొత్త రకం. లోపల బిగించేవాటిలో కొత్తగా దొరికేవన్నీ సాటా డ్రైవ్‌లే. డీవీడీకి ఐడీఈ కేబుల్ కనబడగానే నిరాశపడొద్దు, మదర్‌బోర్డు కూడా చూడండి. 2005-10 మధ్య వచ్చిన బోర్డుల్లో చాలావరకు రెండు రకాల పోర్టులూ ఉండేవి. హార్డ్‌డిస్క్ సాటా మీద, డీవీడీ ఐడీఈ మీద నడిచేవి. ఒక్క సాటా పోర్టు ఖాళీగా ఉన్నా సాటా డ్రైవే కొనండి. డేటా కేబుల్ విడిగా అడిగి తీసుకోండి, చాలా డ్రైవ్‌లతో అది రాదు.

బోర్డులో సాటా అసలు లేకపోతే రెండు దార్లు. డిస్కులు చదవడానికీ రాయడానికీ మాత్రమే అయితే యూఎస్‌బీ డ్రైవ్ హాయి. దాన్ని క్యాబినెట్ వెనక పోర్టుకే పెట్టండి. ముందు పోర్టులకి లోపల వెళ్లే వైరు సన్నం, అక్కడ వోల్టేజీ పడిపోయి రాసేటప్పుడు డ్రైవ్ మధ్యలో ఆగిపోవచ్చు. డిస్కు నుంచి విండోస్ ఎక్కించాలంటే మాత్రం ఆ కాలపు బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాం) యూఎస్‌బీ డ్రైవ్‌ని గుర్తించకపోవచ్చు. అప్పుడు సెకండ్‌హ్యాండ్ ఐడీఈ డ్రైవే దిక్కు. సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) లాంటి చోట పాత విడిభాగాలమ్మే వాళ్లని అడగండి. అక్కడే ఒక డిస్కు పెట్టి చదివించి చూశాకే డబ్బివ్వండి.

ఇంకో కొలత: మామూలు క్యాబినెట్లకి 5.25 అంగుళాల డ్రైవ్ సరిపోతుంది. ఆఫీసుల నుంచి వచ్చే చిన్న డబ్బాల్లో ల్యాప్‌టాప్ తరహా స్లిమ్ డ్రైవ్ ఉంటుంది, మందం 12.7 లేదా 9.5 మిల్లీమీటర్లు. దాని పవర్ ప్లగ్గు కూడా వేరు, మామూలు 15 పిన్నులది కాదు, 6 పిన్నులది.

ఇక బిగింపు. ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి. పెయింట్ లేని క్యాబినెట్ లోహాన్ని ఓసారి ముట్టుకుని ఒంట్లోని స్టాటిక్ వదిలించుకోండి. రెండు పక్కల మూతలూ తీయాలి, స్క్రూలు రెండు వైపులా ఉంటాయి. పాత డ్రైవ్‌ని ముందు నుంచి లాగి, కొత్తదాన్ని ముందు నుంచే తోయండి. పాతదాని లోపల డిస్కు ఇరుక్కుని ఉంటే ట్రే ముందున్న చిన్న బెజ్జంలో పేపర్ క్లిప్పు నిటారు చేసి గుచ్చితే ట్రే బయటికొస్తుంది.

స్క్రూల దగ్గర తొందర వద్దు. డీవీడీ డ్రైవ్‌కి సన్న మరల ఎం3 స్క్రూలు కావాలి. హార్డ్‌డిస్క్‌వి చూడ్డానికి అలాగే ఉంటాయి గానీ మర ముతక, బలవంతంగా తిప్పితే రంధ్రం పాడవుతుంది. పొడుగు స్క్రూ వేస్తే కొన లోపలికి పొడుచుకుపోయి ట్రేని పట్టేస్తుంది. పక్కకి రెండు చొప్పున నాలుగు చాలు. ముందు వదులుగా పెట్టి, ముఖం క్యాబినెట్‌తో సమంగా ఉందో చూసి ఆ తర్వాత బిగించండి.

ఎస్‌ఎమ్‌పీఎస్‌లో (క్యాబినెట్ లోపలి పవర్ సప్లై డబ్బాలో) సాటా పవర్ ప్లగ్గు మిగలకపోతే, నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకి మార్చే కన్వర్టర్ దొరుకుతుంది. వైర్లు ప్లాస్టిక్‌లోనే పోతపోసిన రకం వద్దు. లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోయిన సందర్భాలున్నాయి. ప్రతి వైరూ విడి పిన్నుతో నొక్కి బిగించినది తీసుకోండి.

ఐడీఈ అయితే కేబుల్‌కి ఎర్ర గీత ఉన్న అంచు ఒకటో పిన్ను వైపు, అంటే సాధారణంగా పవర్ ప్లగ్గు పక్కకి రావాలి. ఒకే కేబుల్ మీద రెండు పరికరాలుంటే జంపర్‌ని (డ్రైవ్ వెనక పిన్నులకి తొడిగే చిన్న క్లిప్పు) ఒకదానికి మాస్టర్, రెండోదానికి స్లేవ్ స్థానంలో పెట్టాలి. రెండూ మాస్టరైతే ఒక్కటీ సరిగా కనబడదు.

ఆన్ చేశాక ముందు బయోస్‌లోకి వెళ్లండి. అక్కడ డ్రైవ్ పేరు లేకపోతే విండోస్‌లో వెతకడం వృథా. ఆ సాటా పోర్టు ఆపేసి ఉందేమో చూసి ఆన్ చేయండి, లేదా కేబుల్ వేరే పోర్టుకి మార్చండి. డ్రైవర్ సీడీ అక్కర్లేదు. ఐడీఈ డ్రైవ్ విండోస్ ఎక్స్‌పీలో నత్తనడక నడుస్తుంటే డివైస్ మేనేజర్‌లో ఆ ఐడీఈ ఛానల్ పీఐఓ అనే నెమ్మది మోడ్‌లో పడిందేమో చూడండి. తరచూ తప్పులొస్తే ఎక్స్‌పీ దానంతటదే ఆ మోడ్‌కి దిగిపోతుంది. కేబుల్ మార్చి, ఛానల్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయాలి.

విండోస్ 8 నుంచి డీవీడీ సినిమా ఆడించే సదుపాయం మామూలుగా లోపల రాదు, వీఎల్‌సీ ప్లేయర్ వేసుకోండి. మొదటి డిస్కుని 16ఎక్స్ వేగంలో కాకుండా 8ఎక్స్‌లో రాసి, వెరిఫై (రాసింది సరిగా ఉందో సరిచూసే) టిక్కు పెట్టి చూడండి. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన సినిమా డిస్కు పెడితే రీజియన్ (సినిమా డిస్కులకి ప్రాంతాల వారీగా ఇచ్చిన అంకె) మార్చమని అడగొచ్చు. మనది 5, అక్కడిది 1. డ్రైవ్ ఆ మార్పుని ఐదుసార్లే ఒప్పుకుంటుంది, చివరిసారి పెట్టిన రీజియనే దానికి శాశ్వతమైపోతుంది.