మొక్కల బొగ్గుతో ఫ్లోరైడ్ తొలగింపు – 3వ పాఠం: బొగ్గు ఎంత పట్టుకుంటుందో కొలవడం

గత పాఠంలో ఎండిన కాండాలను గాలి ఆడకుండా కాల్చి, దంచి, జల్లించి బొగ్గుపొడిని సిద్ధం చేసుకున్నాం. దానిని అలాగే నీటిలో కలపకూడదు. మొక్కల బొగ్గుతో పాటు ఉండే బూడిదలోని పొటాషియం కార్బనేట్ కరిగితే నీటి పీహెచ్ పెరుగుతుంది. అప్పుడు ఎక్కువయ్యే హైడ్రాక్సైడ్ అయాన్లు పరిమాణంలోను, రుణావేశంలోను ఫ్లోరైడ్‌ను పోలి ఉంటాయి గనుక, ఫ్లోరైడ్‌కు దక్కవలసిన చోటును అవే ఆక్రమిస్తాయి. కాబట్టి కడిగిన నీటి పీహెచ్ ఇక మారకుండా నిలిచేదాకా పొడిని స్వేదనజలంతో కడిగి, 105 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆరబెట్టండి.

0.221 గ్రాముల సోడియం ఫ్లోరైడ్‌ను లీటరు స్వేదనజలంలో కరిగిస్తే 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న ద్రావణం వస్తుంది. అందులోంచి 50 మిల్లీలీటర్లు తీసి లీటరుకు పలుచన చేస్తే 5 మిల్లీగ్రాములవుతుంది. సోడియం ఫ్లోరైడ్ విషపదార్థం. చేతి తొడుగులు లేకుండా తూచవద్దు.

రెండు ప్లాస్టిక్ సీసాల్లో ఈ ద్రావణాన్ని 100 మిల్లీలీటర్ల చొప్పున పోసి, ఒకదానిలో మాత్రమే 0.5 గ్రాముల బొగ్గు వేయండి. రెండింటినీ రెండు గంటలు కుదిపి, ఒకే రకం వడపోత కాగితంతో వడకట్టి, నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో చూపే సాధనమైన ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలవండి. బొగ్గు వేయని సీసా అనవసరమనిపించవచ్చు గాని, నా దృష్టిలో ఈ పరీక్షకు ప్రాణం అదే: సీసా గోడలు గాని, వడపోత కాగితం గాని పట్టుకున్న ఫ్లోరైడ్ ఎంతో అది లేకుండా తెలియదు.

ఉదాహరణకు బొగ్గు లేని సీసాలో లీటరుకు 5, బొగ్గు ఉన్న సీసాలో లీటరుకు 4.2 మిల్లీగ్రాములు తేలాయనుకుందాం. తేడా లీటరుకు 0.8; 0.1 లీటరులో 0.08; దానిని 0.5 గ్రాములతో భాగిస్తే గ్రాము బొగ్గు పట్టుకున్నది 0.16 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అక్కడికి దించాలంటే 3.5 మిల్లీగ్రాములు తొలగించాలి. ఈ లెక్కన లీటరుకు దాదాపు 22 గ్రాముల బొగ్గు కావాలి. ఫ్లోరైడ్ తగ్గేకొద్దీ బొగ్గు పట్టుకునేదీ తగ్గుతుంది గనుక నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది.

రంగు, వాసన పోయాయని ఫ్లోరైడ్ కూడా పోయిందనుకోవడం ప్రమాదకరం. ఈ ప్రయోగపు నీటిని ఎవరూ తాగకూడదు. వచ్చే పాఠంలో బొగ్గుకు అల్యూమినియం పూత పట్టించి ఇదే కొలత మళ్లీ తీసుకుంటాం. అందుకోసం కడిగి ఆరబెట్టిన పొడిలో కొంత మూత బిగించిన డబ్బాలో విడిగా ఉంచండి.